పాత సామాను ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు జరిగే యూపీఐ మోసాలు: అపోహలు - వాస్తవాలు

బ్యాంకులో డిజిటల్ చెల్లింపుల ఫిర్యాదులు చూడటం నా పని. పాత సోఫానో, ఫ్రిజ్జో, కెమెరానో ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు వచ్చి కూర్చుంటే, వాళ్ల నోట ముందు వచ్చే మాట ఇదే: "డబ్బు తీసుకోవాల్సింది నేను కదండీ, నా ఖాతాలోంచి ఎలా పోయింది?" అమ్మేవాళ్లకు పోయేదేముందిలే అన్న ఆ ధీమా మీదే ఈ మోసాలు నడుస్తున్నాయి.

అపోహ: డబ్బు పడాలంటే కొనేవాళ్లు పంపిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి.

వాస్తవం: స్కాన్ చేసి పిన్ కొట్టారంటే డబ్బు కడుతున్నది మీరే. 2016లో యూపీఐ వచ్చినప్పటి నుంచీ డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం ఏనాడూ లేదు. పిన్ అడిగేది డబ్బు పంపడానికో, బ్యాలెన్స్ చూసుకోవడానికో. మీ యూపీఐ ఐడీ ఇచ్చి ఊరుకుంటే చాలు, పంపాలనుకున్నవాళ్లు పంపగలరు.

ఫోన్‌లో ఇది ఎలా జరుగుతుందో చూడండి. వాట్సాప్‌లో ఒక కోడ్ వస్తుంది, కింద "రిసీవ్ 8,000" అని రాసి ఉంటుంది. స్కాన్ చేయగానే మీ యాప్‌లో ఎవరిదో పేరు, 8,000 అంకె, నోట్ అన్నచోట మళ్లీ "పేమెంట్ రిసీవ్" అని కనిపిస్తాయి. ఆ నోట్ యాప్ రాసింది కాదు, కోడ్ తయారుచేసినవాడు పెట్టుకున్నది. దాంట్లో ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. యాప్ తన మాటగా చెబుతున్నది ఒక్కటే: కింద ఉన్న "పే" బటన్. సరిగ్గా అది చదివే వ్యవధి మీకు ఇవ్వకూడదనే అవతలివాడు ఫోన్ పెట్టేయకుండా "త్వరగా సార్, కోడ్ ఎక్స్‌పైర్ అయిపోతుంది" అని తొందరపెడుతుంటాడు.

కొందరు ముందు 1 రూపాయి కోడ్ పంపి, మీరు కట్టగానే 2 రూపాయలు వేస్తారు. "చూశారా, డబుల్ వచ్చింది" అంటారు. ఆ నమ్మకం మీద అసలు కోడ్ వస్తుంది.

వ్యక్తులు ఒకరికొకరు పంపుకునే కలెక్ట్ రిక్వెస్టులను, అంటే "నాకు ఇంత కట్టండి" అని యాప్‌లో వచ్చే అభ్యర్థనలను, 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపించింది. చాలా మంచి పని. కానీ క్యూఆర్ కోడ్ దారి మూసుకుపోలేదు.

అపోహ: ఐడీ కార్డు పంపాడు, పైగా ఆర్మీ మనిషి. మోసం చేయడు.

వాస్తవం: కార్డు అసలుదే కావచ్చు, పంపినవాడు మాత్రం దాని సొంతదారు కాడు. యూనిఫాం ఫొటోలు, క్యాంటీన్ కార్డులు ఎక్కడెక్కడివో పోగేసి వాడుతుంటారు. సైన్యంలో పనిచేసేవారి మీద మనకున్న గౌరవాన్ని ఇలా వాడుకోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. "ఆర్మీ అకౌంట్ రూల్స్ వేరు, ముందు మీ వైపు నుంచి పంపితే వెరిఫై అవుతుంది" అంటారు. అలాంటి రూల్ లేదు. ఎవరి ఖాతాకైనా యూపీఐ ఒకేలా పనిచేస్తుంది.

కార్డు సంగతి వదిలేసి, మనిషి మాట గమనించండి. నిజంగా కొనేవాళ్లు వంద ప్రశ్నలు వేస్తారు. ఎన్నేళ్లయింది, బిల్లు ఉందా, ఎక్కడైనా చిరిగిందా, ఆఖరికి ఎంతకిస్తారు? మోసగాడికి మీ సోఫాతో పనిలేదు. ప్రకటన పెట్టిన కాసేపటికే ఫోన్ చేసి, చెప్పిన ధరకే "ఓకే, ఫైనల్. నేను పోస్టింగ్‌లో ఉన్నాను, మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, డబ్బు ఇప్పుడే వేసేస్తా" అంటాడు. వస్తువు చూడకుండా, బేరమాడకుండా డబ్బు కట్టేస్తానంటే అక్కడే ఆగిపోవాలి. నా అనుభవంలో ఇంతకంటే నమ్మదగ్గ గుర్తు లేదు.

అపోహ: క్రెడిట్ మెసేజ్ వచ్చిందంటే డబ్బు పడినట్టే.

వాస్తవం: మెసేజ్ ఎవరైనా టైప్ చేసి పంపొచ్చు. బ్యాంకు మెసేజ్ బ్యాంకు పేరు సూచించే అక్షరాలతో వస్తుంది, పది అంకెల మొబైల్ నంబర్ నుంచి రాదు. అయినా మెసేజ్‌తో పనేముంది? బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూడండి.

ఈ దొంగ మెసేజ్ వెనకే ఇంకో కథ ఉంటుంది. 2,000 వేయబోయి 20,000 వేశానని, ఆసుపత్రి ఖర్చుకు దాచుకున్న డబ్బని, మిగతాది వెంటనే పంపమని ఏడుపు గొంతుతో ఫోన్ వస్తుంది. బ్యాలెన్స్ చూస్తే పైసా వచ్చి ఉండదు.

ఒకవేళ డబ్బు నిజంగానే పడి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. అది ఇంకో బాధితుడి ఖాతాలోంచి వచ్చిన సొమ్ము కావచ్చు. వాడు చెప్పిన వేరే నంబరుకు మీరు తిప్పి పంపితే, రేపు ఆ బాధితుడి ఫిర్యాదులో మీ ఖాతా కూడా కనిపిస్తుంది, ఖాతా ఫ్రీజ్ అయ్యే పరిస్థితి వస్తుంది. ఎంత బతిమాలినా మీరుగా పంపకండి. మీ బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి, వచ్చిన దారినే వెనక్కి పంపమనండి.

అపోహ: ఇంటికి వచ్చి తీసుకెళ్తే భయం లేదు.

వాస్తవం: గుమ్మం ముందే నిలబడి నకిలీ యాప్‌లో పచ్చటి టిక్కు చూపించేవాళ్లున్నారు. "సర్వర్ డౌన్, గంటలో పడుతుంది" అంటే వస్తువు మీ దగ్గరే ఉంచండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. వాళ్ల ఖాతాలో కట్ అయి మీకు చేరని డబ్బు, రిజర్వ్ బ్యాంకు 2019లో పెట్టిన గడువు ప్రకారం, మరుసటి రోజుకల్లా వాళ్ల ఖాతాకే తిరిగి వెళ్లిపోవాలి. కాబట్టి ఆగడం వల్ల నిజాయితీపరుడికి నష్టం లేదు.

అపోహ: పిన్ చెప్పకపోతే చాలు.

వాస్తవం: చాలదు. స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించుకుంటే మీ ఫోన్‌లో కనిపించేదంతా వాళ్లకూ కనిపిస్తుంది. "మీరు అసలైన అమ్మకందారే అని చెక్ చేయడానికి ఒక కోడ్ వస్తుంది, చెప్పండి" అంటే, అది చాలాసార్లు మీ వాట్సాప్‌ను వాళ్ల ఫోన్‌లో తెరవడానికి వచ్చే ఆరంకెల కోడ్.

అపోహ: పోయిన డబ్బు ఎలాగూ రాదు. లేదంటే, బ్యాంకే ఇచ్చేస్తుంది.

వాస్తవం: రెండూ పూర్తి నిజం కావు. రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, ఖాతాదారు అజాగ్రత్త వల్ల పోయిన డబ్బు, బ్యాంకుకు చెప్పే వరకు ఖాతాదారు భరించాల్సిందే. చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు చకచకా మారిపోతుంటుంది. మధ్యలో ఎక్కడ ఆపగలిగితే అక్కడున్నంత మేరకే తిరిగొచ్చే ఆశ. "ఇంట్లో తెలిస్తే తిడతారు" అని రెండు రోజులు నలిగిపోయి వచ్చినవాళ్లను చూసినప్పుడు నా ప్రాణం ఉసూరుమంటుంది.

మోసం అని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. ఎంత పోయింది, ఎన్ని గంటలకు, ఏ బ్యాంకు ఖాతాలోంచి, లావాదేవీకి వచ్చిన 12 అంకెల యూటీఆర్ నంబర్ ఎంత, ఇవి చేతిలో ఉంచుకోండి. కోపంతో చాట్ డిలీట్ చేయకండి, అదే ఆధారం. ఈలోగా అదే మనిషి మళ్లీ ఫోన్ చేసి, "సారీ సార్, పొరపాటున కట్ అయింది, రీఫండ్ కోడ్ పంపుతున్నా" అంటాడు. అది కూడా మీ దగ్గర డబ్బు లాగే కోడే. ఫోన్ కట్ చేసి 1930కి కొట్టండి.