మైపాడు తీరం నుంచి త్రిశంకుడు: అపోహలు - వాస్తవాలు

వేసవి సెలవుల్లో పిలకాయల్ని నెల్లూరు దగ్గరి మైపాడు ఇసుకలో కూర్చోబెట్టి చుక్కలు చూపించడం నాకు 12 ఏళ్ల అలవాటు. దక్షిణం వైపు చెయ్యి చాపితే చాలు, ఏటా ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: సదరన్ క్రాస్, అంటే దక్షిణాకాశంలో సిలువలా కనిపించే చుక్కల గుంపు, చూడాలంటే ఆస్ట్రేలియా వెళ్లాలి.

వాస్తవం: అక్కర్లేదు. మనవాళ్లు త్రిశంకుడన్నది దాన్నే. నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి, ఇక్కడ ఆ గుంపులో పై చుక్క సుమారు 18 డిగ్రీల ఎత్తుకీ, అడుగు చుక్క 12 డిగ్రీల ఎత్తుకీ వస్తాయి. చాపిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు. నీళ్ల అంచున పిడికిలి ఆనించి, దాని పైన వెతకండి. మే రెండో వారంలో రాత్రి 9 గంటలకి నిటారుగా నిలబడి ఉంటుంది. కొత్తపట్నంలో చూసే ఒంగోలు వాళ్లకి ఒక డిగ్రీ కిందికి, అంతే. ఇబ్బందల్లా తేమ మసకతో, కృష్ణపట్నం రేవు వెలుగుతో. అందుకే అమావాస్య దగ్గరి రోజులు ఎంచుకుంటాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లు ఒడ్డునే ఉంటాయి, సముద్రం మీద దీపాలు తగ్గుతాయి.

అపోహ: సిలువలా నాలుగు చుక్కలు కనిపిస్తే అదే.

వాస్తవం: దానికి పడమరగా ఇంకో సిలువ ఉంది, పెద్దది, కాస్త మసకది. ఫిబ్రవరి, మార్చి రాత్రుల్లో చాలామంది దాన్ని చూసి సంబరపడిపోతారు. అసలుదానికి ఎడమ పక్కన రెండు కాంతివంతమైన చుక్కలు కాపలా కాస్తుంటాయి. వాటిలో దూరంగా ఉన్నది ఆల్ఫా సెంటారీ, సూర్యుడి తర్వాత మనకి అతి దగ్గరి నక్షత్ర కుటుంబం.

అపోహ: త్రిశంకుడు అరిష్టం.

వాస్తవం: ఒక అవ్వ నన్ను అడిగింది, "అయ్యోరా, తలకిందులుగా వేలాడేవాణ్ణి పిలకాయలకి చూపిస్తే చేసే పనులు నడిమధ్యన ఆగిపోవా?" ఆమె భయం త్రిశంకు స్వర్గమనే మాట నుంచి వచ్చింది. బాలకాండ కథని నేను ఇంకోలా చదువుతాను. ఇంద్రుడు తోసేస్తే విశ్వామిత్రుడు "నిలు" అన్నాడు, దక్షిణ దిక్కున కొత్త సప్తర్షుల్నే సృష్టించాడు. దక్షిణాకాశానికి మన పెద్దలు రాసుకున్న చిరునామా అది. ఈ గుంపులో అన్నిటికన్నా కాంతివంతమైన చుక్క అడుగున ఉంటుంది. నాకు అదే కిందికి వేలాడే తలలా కనిపిస్తుంది. అవ్వకి అదే చూపించాను, చాలాసేపు చూసింది. పైనున్న ఎర్రచుక్క మనకి 88 కాంతి సంవత్సరాల దూరంలో, ఈ అడుగుది సుమారు 320లో ఉన్నాయి. పక్కపక్కన ఉన్నట్టు కనిపించడం మన చూపుకే.

అపోహ: అది క్రైస్తవుల గుర్తు.

వాస్తవం: ఆ పేరు యూరప్ నావికులు పెట్టింది. న్యూజిలాండ్ మావోరీలకి అది లంగరు. ఆస్ట్రేలియా ఆదివాసులు చాలామందికి దాని పక్కనున్న నల్లమచ్చ ఈమూ పక్షి తల. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రెజిల్ జెండాల మీద కూడా ఈ చుక్కలున్నాయి.

అపోహ: అది దక్షిణ ధ్రువనక్షత్రం.

వాస్తవం: కాదు. ఆకాశపు దక్షిణ ధ్రువ బిందువు నెల్లూరులో దిగంతానికి 14 డిగ్రీల కింద ఉంటుంది, మనకి ఎన్నడూ కనపడదు. సిలువ నిటారుగా ఉన్నప్పుడు మాత్రం పై చుక్క నుంచి అడుగు చుక్క మీదుగా గీత కిందికి దించితే అది నీళ్లని తాకేచోటు దక్షిణం. మేలో రాత్రి 11 దాటాక పడమరకి ఒరిగిపోతుంది, పెందలాడే రండి.