పాలు పడనివాళ్లకు పెరుగన్నం

పాలు తాగితే కడుపుబ్బరం, గ్యాస్, ఒక్కోసారి విరేచనాలు. ‘నాకు పాలు పడవు’ అంటూ పాలగ్లాసుతో పాటు పెరుగు గిన్నెనూ దూరం పెట్టేసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. పెరుగును మాత్రం అంత తొందరపడి వదులుకోవద్దని నా మనవి.

పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. దాన్ని విడగొట్టే లాక్టేజ్ ఎంజైమ్ పసితనంలో చిన్నపేగులో పుష్కలంగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. ఇదేమీ జబ్బు కాదు. అరగకుండా మిగిలిన లాక్టోజ్ పెద్దపేగుకు చేరి అక్కడ పులుస్తుంది. ఆ గ్యాస్ అంతా దానివల్లే.

తోడు వేసిన గిన్నెలో ఈ అరిగించే పని ముందే మొదలవుతుంది. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు కలపగానే అందులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత భాగాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్. అది 4.6 దగ్గరికి దిగేసరికి కేసీన్ అనే ప్రొటీన్ వలలా అల్లుకుని పాలు గట్టిగా తోడుకుంటాయి. మిగిలిన లాక్టోజ్ సంగతి చూసే ఎంజైమ్ కూడా ఆ బ్యాక్టీరియాలోనే ఉంది. మనం తిన్నాక పేగులోనూ అది పనిచేస్తుంది. అందుకే పాలు పడని చాలామందికి పెరుగు హాయిగా అరుగుతుంది. మజ్జిగ పులుసులో మరిగిస్తే మాత్రం బ్యాక్టీరియా చచ్చిపోతుంది, ఆ మేలు చాలావరకు పోతుంది. పాల ప్రొటీన్‌తో అలర్జీ ఉన్నవాళ్ల సంగతి పూర్తిగా వేరు, వాళ్లు పెరుగు కూడా మానాల్సిందే.

అన్నమే ప్రధానమైన మన భోజనానికి పెరుగు చాలా అవసరం. బియ్యపు ప్రొటీన్‌లో లైసిన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం తక్కువ, పాల ప్రొటీన్‌లో అది దండిగా ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటోంది. 2000 కేలరీల భోజనంలో 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో ఉండాలని కూడా చెబుతోంది. కాల్షియంలో మూడో వంతు అక్కడే సమకూరుతుంది. ఇక బీ12 విటమిన్ కూరగాయల్లో, పప్పుల్లో దొరకదు. గుడ్డు కూడా ముట్టని శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం.

వెన్న తీసిన మజ్జిగలో విటమిన్ ఎ చాలావరకు పోయినా కాల్షియం, ప్రొటీన్ నిలుస్తాయి. అయితే గ్లాసుడు నీళ్లలో రెండు చెంచాల పెరుగు కలిపిన పల్చటి మజ్జిగ దాహానికి మంచిదే గానీ, 300 మిల్లీలీటర్ల లెక్కలోకి రాదు.

పాలకూ ఒక లోటుంది, వాటిలో ఇనుము దాదాపు ఉండదు. ఏడాది దాటిన పిల్లలు అన్నం తినడం లేదని రోజంతా పాలసీసాతోనే కడుపు నింపితే రక్తహీనత వస్తుంది. వాళ్లకు ముందు పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టాలి. పాలు ఆ తర్వాతే.