కలరా విషం ఎవరిది?

కలరా ముదిరితే రోగి ఒంట్లోంచి గంటకు లీటరు దాకా నీళ్లు పోతాయి. సమయానికి ఓఆర్‌ఎస్సో సెలైనో పడకపోతే పొద్దున తిరుగుతూ కనిపించిన మనిషి రాత్రికి ఉండకపోవచ్చు. తెలంగాణ పల్లెల్లో గత్తర అని వణికినా, గోదావరి జిల్లాల్లో మరిడమ్మకు మొక్కుకున్నా ఆ భయం ఈ జబ్బు గురించే. దీనికి కారణం విబ్రియో కలరే అనే బ్యాక్టీరియా అని బడిలో చదువుకున్నాం. ఆ పాఠంలో సగమే ఉంది. మనిషిని పిండేసే విషాన్ని తయారుచేసే జన్యువులు ఆ బ్యాక్టీరియాకు పుట్టుకతో వచ్చినవి కావు. ఒక వైరస్ మోసుకొచ్చి పెట్టినవి.

ఈ సంగతి తేలడానికి వందేళ్లకు పైగా పట్టింది. రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో కలరా బ్యాక్టీరియాను విడిగా పెంచి చూపించాడు. కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. ఈ సూక్ష్మజీవి రక్తంలోకి పోదు, పేగు గోడను తొలుచుకుపోదు. పేగు లోపలి పొరను అంటిపెట్టుకుని ఉంటుందంతే. మరి మనిషి ఎలా చస్తున్నాడు? జవాబు కూడా కలకత్తాలోనే దొరికింది. 1959లో శంభునాథ్ డే అనే డాక్టరు కలరా బ్యాక్టీరియాను ద్రవంలో పెంచి, బ్యాక్టీరియా ఒక్కటీ మిగలకుండా వడకట్టి, ఆ వట్టి ద్రవాన్ని కుందేలు పేగులో ఎక్కించాడు. పేగు ముక్కను రెండు వైపులా దారంతో కట్టేసి, మధ్యలోకి ఎక్కించి వదిలేశాడు. ఆ ముక్క నీళ్లతో ఉబ్బిపోయింది. బ్యాక్టీరియా లేకపోయినా అది వదిలిన విషం చాలన్నమాట. ఇంత పని చేసిన మనిషికి బతికుండగా మన దేశంలోనే సరైన గుర్తింపు రాలేదు.

ఆ విషం పనితనం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఐదు భాగాల వలయం ఒకటి పేగు కణాన్ని పట్టుకుంటుంది. దానికి తగులుకుని ఉన్న ఆరో భాగం కణం లోపలికి దూరి, ఉప్పునూ నీటినీ అదుపుచేసే స్విచ్చిని ఆన్ చేసి అలాగే బిగించేస్తుంది. క్లోరైడ్ బయటికి పోతూ ఉంటుంది, దాని వెంట నీళ్లూ పోతూ ఉంటాయి.

ఇక వైరస్ దగ్గరికి వద్దాం. 1996లో అమెరికాలో మాథ్యూ వాల్డోర్, జాన్ మెకలానోస్ ఒక కిటుకు పన్నారు. బ్యాక్టీరియాలోని విషపు జన్యువును తీసేసి, ఆ చోట యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు ఒకటి గుర్తుగా పెట్టారు. ఆ బ్యాక్టీరియా పెరిగిన ద్రవాన్ని వడకట్టి, విషం లేని వేరే కలరా బ్యాక్టీరియాకు తగిలించారు. అవి కూడా యాంటీబయాటిక్‌ను తట్టుకోవడం మొదలుపెట్టాయి. అంటే ఆ ద్రవంలో జన్యువును మోసుకెళ్లేది ఏదో ఉంది. చూస్తే సన్నటి దారప్పోగు లాంటి వైరస్. బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లను ఫేజ్‌లు అంటారు. డీఎన్‌ఏ గొలుసులో ఒక్కో లంకెను ఒక అక్షరం అనుకుంటే, ఈ ఫేజ్ డీఎన్‌ఏ మొత్తం సుమారు 7 వేల అక్షరాలే. ఎలుక పిల్లల పేగులో అయితే ఈ బదిలీ ఇంకా జోరుగా సాగింది.

పేగులోనే ఎందుకంటే, బ్యాక్టీరియా పేగులో స్థిరపడడానికి ఒంటిమీద నూగు లాంటి పోగులు మొలిపిస్తుంది. ఫేజ్ సరిగ్గా వాటినే పట్టుకుని లోపలికి దిగుతుంది. లోపలికి దిగాక మామూలు ఫేజ్‌లు బ్యాక్టీరియా క్రోమోజోమ్‌లో చేరడానికి తమ సొంత ఎంజైమును వాడతాయి. దీనికి అది కూడా లేదు. బ్యాక్టీరియా రెండుగా చీలే ముందు తన క్రోమోజోమ్ నకళ్లను విడదీసుకోవడానికి వాడే రెండు ఎంజైములతోనే ఈ ఫేజ్ కూడా పని కానిచ్చుకుంటుంది. చేరేది కూడా ఆ విడదీత జరిగే చోటే. ఆ దారి మూసుకుందామంటే బ్యాక్టీరియాకు తన కాన్పే కష్టమవుతుంది. బయటికి పోయేటప్పుడూ అంతే. బ్యాక్టీరియా తన ప్రోటీన్లను బయటికి పంపే గొట్టం గుండానే పోతుంది. ఇల్లు కూల్చదు. విషం కూడా బయటపడేది ఆ దారినే.

2000లో ఈ బ్యాక్టీరియా జన్యుక్రమం పూర్తిగా చదివారు. రెండు క్రోమోజోమ్‌లు, మొత్తం 40 లక్షల అక్షరాలు. అందులో ఈ ఫేజ్ వాటా వెయ్యింట రెండు వంతులు కూడా లేదు. సముద్రంలో నది కలిసే ఉప్పునీటి చోట్ల విబ్రియో కలరే మామూలుగానే ఉంటుంది, సన్నటి రొయ్యజాతి జీవులను అంటిపెట్టుకుని బతుకుతుంది. వాటిలో చాలా వాటికి ఈ ఫేజ్ ఉండదు, కలరా తెప్పించే శక్తీ ఉండదు.

వైరస్ బ్యాక్టీరియాకు ఆయుధం ఇచ్చింది అని కొందరు రాస్తుంటారు. నాకు ఆ మాట మింగుడుపడదు. ఇచ్చిందీ లేదు, పుచ్చుకుందీ లేదు. విషం వల్ల పేగు కడిగేసినట్టవుతుంది, ఒక్క రోగి నుంచే కోటానుకోట్ల బ్యాక్టీరియా నీళ్లలో కలుస్తాయి. వాటిలో ప్రతి ఒక్కటీ చీలినప్పుడల్లా ఫేజ్ డీఎన్‌ఏ కూడా రెట్టింపవుతుంది. ఏ ఫేజ్ ఉన్న బ్యాక్టీరియా ఎక్కువ వ్యాపించిందో అదే మిగిలింది. అంతకు మించి ఇందులో ఎవరి ఉద్దేశమూ వెతకనక్కర్లేదు.

కలరా ఒక్కటే ఇలా అనుకుంటే పొరపాటు. డిఫ్తీరియా (కంఠసర్పి) విషం వెనక కూడా ఫేజ్ ఉందని 1951లోనే తేలింది. బ్యాక్టీరియా జన్యుక్రమాలు చదివే కొద్దీ ఇలా తిష్ఠ వేసిన ఫేజ్‌లు ఎక్కడ చూసినా బయటపడ్డాయి. ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియాలో ల్యాబుల్లో వాడే కే-12 రకానికి 46 లక్షల అక్షరాలున్నాయి. 1996లో జపాన్‌లోని సకాయి నగరంలో వేలమంది బడిపిల్లలను మంచానపడేసిన ఈ.కోలై ఓ157 రకానికి 55 లక్షలు. జాతి ఒకటే. తేడా మాత్రం లక్షల్లో. ఈ రెండో దానికే ప్రత్యేకమైన డీఎన్‌ఏలో సుమారు సగం, ఫేజ్‌లూ ఫేజ్ లాంటి ముక్కలూ తెచ్చిందే.

ఇలా చేర్చుకుంటూ పోతే జన్యుక్రమం ఉబ్బిపోవాలి కదా? పోదు, ఎందుకంటే బ్యాక్టీరియా పనికిరాని డీఎన్‌ఏను తరతరానికీ కొంచెం కొంచెంగా రాల్చేసుకుంటూ ఉంటుంది. చాలా ఫేజ్‌లు అలా కాళ్లూ చేతులూ పోయి, మళ్లీ లేవలేని శిథిలాలుగా మిగులుతాయి. వీటిని చాన్నాళ్లు చెత్త అనుకున్నారు. 2010లో థామస్ వుడ్ బృందం కే-12లో ఉన్న అలాంటి తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా కత్తిరించి చూసింది. తొమ్మిదీ పోయిన బ్యాక్టీరియా తేలికపడాల్సింది పోయి నీరసించింది. కొన్ని యాంటీబయాటిక్‌లకు, ఆమ్లానికి, ఉప్పు ఒత్తిడికి ఇంతకు ముందులా తట్టుకోలేకపోయింది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అయితే ఒక పాత ఫేజ్ తోక భాగాన్ని మాత్రం అట్టిపెట్టుకుంది. దాన్ని పక్కనున్న పోటీ బ్యాక్టీరియాను పొడిచి చంపడానికి వాడుతుంది.

పూర్తిగా బతికున్న ఫేజ్‌లతో మాత్రం టెన్షన్ వేరు. ఈ.కోలై ఓ157 చేసే షిగా విషం జన్యువు కూడా ఫేజ్‌లోనే ఉంది. కలరా ఫేజ్‌లా ఇది మెత్తగా బయటికి పోదు. బ్యాక్టీరియా డీఎన్‌ఏకు దెబ్బ తగిలిందని పసిగడితే నిద్ర లేస్తుంది, వందలకొద్దీ నకళ్లు చేసుకుంటుంది, కణాన్ని పగలగొట్టుకుని పోతుంది. విషం గుట్టగా తయారయ్యేది కూడా ఆ ఘడియలోనే. మరి కొన్ని యాంటీబయాటిక్‌లు చేసే పని బ్యాక్టీరియా డీఎన్‌ఏను దెబ్బతీయడమే. అందుకే ఓ157 తెచ్చే నెత్తుటి విరేచనాలకు యాంటీబయాటిక్ రాయడానికి డాక్టర్లు వెనకాడతారు. బ్యాక్టీరియా చావొచ్చు, పోతూపోతూ అది కక్కిన విషం కిడ్నీలకు చేరుతుంది.

2011 మే నెలలో జర్మనీలో సరిగ్గా ఇదే భయం పట్టుకుంది. దాదాపు 4 వేల మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. ముందు స్పెయిన్ దోసకాయల మీద నింద పడింది. చివరికి ఈజిప్టు నుంచి వచ్చిన మెంతి గింజలతో పెంచిన మొలకలని తేలింది. అయితే రోగుల్లో దొరికింది ఓ157 కాదు, ఓ104 అనే వేరే ఈ.కోలై. పేగుకు గట్టిగా అతుక్కునే అలవాటు దానికి ముందే ఉంది. షిగా విషం ఉన్న ఫేజ్ మాత్రం తర్వాత వచ్చి చేరింది. ఓ157 కోసం మాత్రమే వెతికే పరీక్షలో ఇది దొరకదు. ఇప్పుడు నెత్తుటి విరేచనాల నమూనా వస్తే మంచి ల్యాబులు బ్యాక్టీరియా ఏ రకమో తేలేదాకా ఆగవు, షిగా విషం గానీ దాని జన్యువు గానీ ఉందేమో నేరుగా చూస్తాయి.