పాలిష్ బియ్యం: బెరిబెరి నుంచి షుగర్ దాకా

2025 ఉగాదికి తెలంగాణ రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం మొదలయ్యాయి. మనిషికి నెలకు 6 కిలోలు. దొడ్డు బియ్యం తినలేక దళారికి అమ్ముకున్న ఇళ్లలో ఇప్పుడు సన్నబియ్యమే వండుకుంటున్నారు, సంతోషమే. అయితే ఆ తెల్లటి మెతుకుకీ మన జబ్బులకీ ఉన్న సంబంధం ఇవాళ్టిది కాదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా అంతా వరి అయింది. తర్వాత మిల్లులొచ్చాయి. రోకటి దంపుడులో గింజ మీద ఎంతో కొంత మిగిలే పొరను మర తీసేసింది, తవుడు పశువుల పాలైంది. దాంతోపాటే బి1 విటమిన్ పోయింది. కాళ్లు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె బలహీనమయ్యే బెరిబెరి ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే చాలావరకు నేటి కోస్తా ఆంధ్రలో, తిష్ఠ వేసింది. తమిళ జిల్లాల్లోనూ బియ్యమే తిన్నారు, కానీ అవి ఉప్పుడు బియ్యం. వడ్లు ఉడికేటప్పుడు పైపొరలోని విటమిన్ గింజలోకి దిగుతుంది కాబట్టి వాళ్లు చాలావరకు తప్పించుకున్నారు. మనవాళ్లు పచ్చి బియ్యమే మర పట్టించి, కడిగి, గంజి వార్చి, మిగిలిన కాస్తనూ కుడితిలో పోశారు. ఈ జబ్బు మీద పరిశోధనకే 1918లో కూనూరులో బ్రిటిష్ వైద్యుడు మెక్‌కారిసన్ చిన్న ప్రయోగశాల పెట్టారు. అదే 1958లో హైదరాబాద్ వచ్చింది. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టుక అది.

ఆ రోజుల్లో డెల్టా దాటితే వరన్నం పండగ తిండే. తెలంగాణలో జొన్న రొట్టె, గటక. సీమలో రాగి సంకటి. ఉత్తరాంధ్రలో చోడి అంబలి. 1966-67లో ఎక్కువ దిగుబడినిచ్చే వరి వంగడం ఐఆర్-8 వచ్చింది, ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దానికి దేశమంతా పేరు తెచ్చారు. 1967లో సాగర్ నీళ్లు వదిలారు, ఆపైన బోర్లు. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చారు. ఆ పథకాన్ని ఇవాళ తప్పుపట్టడం అన్యాయం, ఆకలితో పడుకునే ఇళ్లకు అది అన్నం పెట్టింది. కానీ చౌకగా దొరికింది బియ్యమే కాబట్టి జొన్న చేను మెల్లగా మాయమైంది. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చాక సన్నగా, మల్లెపూవులా ఉంటేనే అన్నం అన్న రుచి స్థిరపడింది.

ఈలోగా ఒంటి పని తగ్గింది. నాగలి పోయి ట్రాక్టర్, నడక పోయి బండి. కంచంలో కుప్ప మాత్రం అలాగే ఉంది.

21 దేశాల్లో లక్షా 30 వేల మందికి పైగా జనాన్ని గమనించిన ప్యూర్ అధ్యయనం 2020లో తేల్చిందిది: దక్షిణాసియాలో రోజుకు 450 గ్రాములు, ఆపైన తెల్లన్నం తినేవాళ్లకు షుగర్ ముప్పు, 150 గ్రాముల లోపు తినేవాళ్ల కంటే దాదాపు 60 శాతం ఎక్కువ. మూడు కప్పుల అన్నం అంతే. మన భోజనాల్లో పెరుగన్నం దాకా వెళ్లకముందే ఆ లెక్క దాటిపోతుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023 అంచనాలో దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు. ఆ అంచున ఉన్నవాళ్లు తిండి, నడక సరిచేసుకుంటే ముప్పు పావు వంతుకు పైగా తగ్గుతుందని చెన్నై వైద్యుల పరిశోధన 2006లోనే చూపింది.

ఇప్పుడు కొర్రలు, అరికెల మోజు నడుస్తోంది. షుగర్‌ను కాస్త నెమ్మదిగా పెంచుతుందని రాజేంద్రనగర్ వంగడం తెలంగాణ సోనాకూ గిరాకీ పెరిగింది. మంచివే, కానీ కుప్ప తగ్గకుండా గింజ మారిస్తే పెద్దగా ఒరిగేది లేదు. ఐసీఎంఆర్ 2025 విశ్లేషణలో మన కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాలవే. వాటి బదులు చిరుధాన్యాల పిండి తిన్నంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. కొంత తగ్గించి పప్పు, పాలు, పెరుగు పెంచితే తగ్గేలా ఉందని తేలింది. బియ్యం కార్డు మీద ఉచితంగా వస్తున్నాయి. కిలో కందిపప్పు డబ్బుతో బజార్లో రెండు కిలోల బియ్యం వస్తాయి. కూలి ఇంట్లో కంచం ఎలా మారాలో చెప్పే డాక్టర్లు ముందు ఈ ధరలు చూడాలి.