కల్పిత భాషల్లో మాటల పుట్టుక: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో వీడియో గేముల కోసం కల్పిత భాషలు తయారుచేయడం నా వృత్తి. ఇక్కడి తెలుగు మిత్రుల నోట తరచూ వినే అపోహలకు నా జవాబులివి.

అపోహ: నోటికొచ్చిన శబ్దానికి ఒక అర్థం అంటగడితే చాలు, మాట తయారు.

వాస్తవం: అలా చేస్తే పదాల పట్టిక వస్తుంది, భాష రాదు. మాటకు పుట్టుపూర్వోత్తరాలు ఉండాలి. బెంగళూరులో ఉంటున్నవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మన చెరువు కన్నడంలో కెరె, చెవి కివి, పాలు హాలు, పులి హులి. ఇ, ఎ అచ్చుల ముందున్న పాత కకారం తెలుగులో చకారమైంది, కన్నడంలో అలాగే నిలిచింది. మాట మొదట్లోని పకారం కన్నడంలో హకారమైంది. మార్పులకు ఒక క్రమం ఉంది కాబట్టే ఇవి తోబుట్టువులని తెలుస్తోంది.

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రచయిత టోల్కీన్ తన కథల్లోని ఎల్ఫ్ అనే జాతి భాషలను ఇలాగే నిర్మించారు. 'చెట్టు' అనే అర్థానికి మొదట 'గలదా' అనే ఆదిమ రూపాన్ని కల్పించారు. ఎల్ఫ్ భాషల్లో ఒకటైన క్వెన్యాలో మొదటి గకారం, నడిమి అచ్చు పోయి అది 'అల్ద' అయింది. మరో ఎల్ఫ్ భాష సిందారిన్‌లో చివరి అచ్చు రాలి, దకారం మెత్తబడి 'గలధ్' అయింది. నేనూ అంతే. ముందు పాత రూపం రాసుకుని, ధ్వని మార్పులన్నిటినీ వరసగా దానికి వర్తింపజేస్తాను. వచ్చిన మాట చెవికి ఇంపుగా లేదని మార్చను. ఒక్క మాటకు మినహాయింపు ఇస్తే దాని చుట్టరికాలన్నీ తెగిపోతాయి.

అపోహ: పోలిక కనిపించిందంటే అక్కడి నుంచి తీసుకున్నట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. టోల్కీన్ కథల్లోని భూగర్భ నగరం 'మోరియా' పేరును బైబిల్లోని మోరియా కొండతో ముడిపెట్టారు కొందరు. ఆయన ఆ సంబంధాన్ని స్పష్టంగా కాదన్నారు. 'మోర్' అంటే నలుపు, 'యా' అంటే అగాధం. అలాగని ప్రతి పోలికా కాకతాళీయం కాదు. 'స్టార్ ట్రెక్' కోసం మార్క్ ఓక్రాండ్ రూపొందించిన క్లింగాన్ భాషలో చేపను 'ఘోటి' అంటారు. ఇంగ్లిషు స్పెల్లింగుల గందరగోళాన్ని ఎత్తిచూపడానికి 'ఫిష్'ను జి-హెచ్-ఓ-టి-ఐ అని రాసే పాత చమత్కారమే ('ఇనఫ్'లోని జి-హెచ్, 'విమెన్'లోని ఓ, 'నేషన్'లోని టి-ఐ పలికినట్టు) దానికి ఆధారం. కర్త మాటో, భాషలోని ధ్వని సూత్రమో చూడకుండా మూలం తేల్చకూడదు.

అపోహ: అన్ని దేశాలవాళ్లూ మాట్లాడుకోవడానికని తయారుచేసిన ఎస్పెరాంతో భాషలో, మాట ముందు చేర్చే 'మల్' అంటే చెడు.

వాస్తవం: కాదు, 'వ్యతిరేకం' అని అర్థం. 'ఫెర్మి' అంటే మూయడం, 'మల్‌ఫెర్మి' అంటే తెరవడం.

అపోహ: కల్పిత భాషలో అర్థాలన్నీ కర్త ఇచ్చినవే.

వాస్తవం: జామెన్‌హాఫ్ 1887లో ఎస్పెరాంతోను ప్రచురించారు. ఆ తర్వాత మాట్లాడేవాళ్లే ఎన్నో మాటలు పుట్టించారు. మొసలి పేరు నుంచి వచ్చిన 'క్రొకొడీలి' అనే క్రియ వాటిలో ఒకటి. ఎస్పెరాంతో వాళ్ల మధ్య ఉండి కూడా సొంత భాషలో మాట్లాడుకోవడమని దాని అర్థం. అలాంటి సభలో ఇద్దరు తెలుగువాళ్లు తెలుగులో కబుర్లాడుకుంటే వాళ్లు చేస్తున్న పని అదే.