మంచం దగ్గర తీసిన ఎక్స్‌రేలో గుండె పెద్దగా ఎందుకు కనిపిస్తుంది?

నెల్లూరు నుంచి తండ్రిని చెన్నై తీసుకొచ్చి, ఆయన ఐసీయూలో ఉంటే తాను గ్రీమ్స్ రోడ్డు దగ్గర లాడ్జిలో ఉంటున్న ఒక పాఠకుడు అడిగారు: "ఊళ్లో తీసిన ఎక్స్‌రేలో గుండె మామూలుగా ఉందన్నారు. ఇక్కడ బెడ్ మీద తీస్తే పెద్దదని రాశారు. రెండు రోజుల్లో గుండె పెరుగుతుందా సార్?"

గుండె చుట్టూ నీరు చేరితే అలా కనిపించొచ్చు. కానీ ముందు చూడాల్సింది ఎక్స్‌రే ఎలా తీశారన్నది.

ఎక్స్‌రే అంటే నీడే. కరెంటు పోయిన రాత్రి దీపం ముందు చెయ్యి పెట్టి గోడ మీద లేడి బొమ్మ వేసిన వాళ్లందరికీ ఈ లెక్క తెలుసు. చెయ్యి గోడకు దగ్గరగా ఉంటే నీడ చెయ్యంతే ఉంటుంది. దీపం వైపు జరిపితే పెరుగుతుంది. దీపాన్నే దగ్గరికి తెచ్చినా పెరుగుతుంది. ఐసీయూలో ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి. గుండె ఉండేది ఛాతీ ముందు భాగంలో, రొమ్ము ఎముక వెనక. ఎక్స్‌రే గదిలో రోగి నిలబడి ఛాతీని నీడ పడే ప్లేటుకు ఆనిస్తాడు, కిరణాలు సుమారు 180 సెంటీమీటర్ల దూరం నుంచి, వీపు వైపు నుంచి వస్తాయి. మంచం మీదైతే ప్లేటు వీపు కిందికి పోతుంది, కిరణాలు వదిలే ట్యూబు పైన సుమారు 100 సెంటీమీటర్లలో ఉంటుంది. అంటే గుండె గోడకు దూరమైంది, దీపం దగ్గరైంది.

13 సెంటీమీటర్ల గుండె ప్లేటుకు 6 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. 180ని 174తో భాగిస్తే 1.03, నీడ 13.4. మంచం మీద ఆ దూరం 15 అయితే 100ని 85తో భాగించాలి. అది 1.18, నీడ 15.3. గుండె అంతే ఉంది, నీడ దాదాపు 2 సెంటీమీటర్లు పెరిగింది! పదో తరగతిలో సరూప త్రిభుజాలు చెప్పేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ ఇస్తే పిల్లలు ఆ పాఠం జన్మలో మర్చిపోరు. పైగా పడుకుంటే డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) పైకి జరుగుతుంది, గుండె అడ్డంగా పరుచుకుంటుంది. "ఛాతీ వెడల్పులో సగానికి మించితే పెద్ద గుండె" అన్న కొలత నిలబడి తీసిన ఎక్స్‌రేకి చెప్పినది. అనుమానం తీరాలంటే ఎకో (గుండె స్కానింగ్) చేయించాలి.

నీరు, గాలి కూడా ఇలాగే ఏమారుస్తాయి. నిలబడితే ఊపిరితిత్తి కింద మూలలో చేరే నీరు, పడుకుంటే వీపు వైపు పరుచుకుని ఆ పక్కంతా పలచటి మసకగా కనిపిస్తుంది. ఊపిరితిత్తి బయట చేరిన గాలి ముందుకు తేలి, పక్కటెముకల కింది మూలను మరీ లోతుగా, నల్లగా చూపిస్తుంది.

మరి ఎందుకు తీస్తారు? వెంటిలేటర్ మీదున్న మనిషిని కిందికి తీసుకెళ్లడమే ప్రమాదం కనుక. గొట్టాల చోటు తెలియాలి కనుక. వెంటిలేటర్ గొట్టం కొన, శ్వాసనాళం రెండుగా చీలే చోటికి సుమారు 5 సెంటీమీటర్లు పైన ఉండాలి. గడ్డం ఛాతీ వైపు వంగితే అది 2 సెంటీమీటర్ల దాకా దిగుతుంది. ఇంకా దిగితే, నిటారుగా ఉండే కుడి కొమ్మలోకే పోతుంది. ఎడమ ఊపిరితిత్తికి గాలి అందక ముడుచుకుపోతుంది.

పక్క బెడ్ వాళ్లకు టెన్షన్ అక్కర్లేదు. మెషిన్ ఆగిన క్షణంలో కిరణాలూ ఆగిపోతాయి, గదిలో ఏదీ మిగలదు. రోజూ తీయాలా అన్నదే అసలు ప్రశ్న. ఫ్రాన్స్‌లో 21 ఐసీయూల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. రోజూ తీయకుండా అవసరమైనప్పుడే తీస్తే ఎక్స్‌రేలు 32 శాతం తగ్గాయి. వెంటిలేటర్ మీదున్న రోజుల్లో గానీ, మరణాల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.