అపోహలు – వాస్తవాలు: 'మీకు తెలుసా?' బిట్లలో జారిపోయిన ఒక్క మాట

నల్లగొండలో పోటీ పరీక్షలకు జనరల్ నాలెడ్జ్ చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. క్లాసు అయిపోగానే నలుగురైదుగురు పిల్లలు ఫోన్లు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వస్తారు. "సార్, ఇది నిజమేనా?" అని అడుగుతారు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో కావచ్చు, గైడులో చూసిన బిట్ కావచ్చు. ఇలా వచ్చినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. ఇప్పటికి అలాంటివి మూడు పుస్తకాలు నిండాయి.

వాటిని చూస్తే నాకు ఒకటి అర్థమైంది. పూర్తిగా పుట్టించిన అబద్ధాలు తక్కువ. చాలా బిట్లు మొదట్లో నిజాలే. ఒకరి నుంచి ఒకరికి పోయేటప్పుడు అందులోంచి ఒక మాట జారిపోతుంది, లేదా 'ప్రపంచంలోనే', 'మొట్టమొదటి', 'ఎప్పటికీ' లాంటి మాట ఒకటి వచ్చి చేరుతుంది. అందుకే బిట్ చేతికి రాగానే ముందు ఆ మాట కింద గీత గీయమంటాను.

"మన జాతీయ భాష హిందీ, జాతీయ క్రీడ హాకీ"

రెండూ తప్పే. రాజ్యాంగం 343వ అధికరణ దేవనాగరి లిపిలోని హిందీని కేంద్ర ప్రభుత్వ అధికార భాష అంటుంది. 'జాతీయ భాష' అనే హోదా ఏ భాషకూ ఇవ్వలేదు. ఎనిమిదో షెడ్యూల్‌లో 22 భాషలున్నాయి, మన తెలుగు వాటిలో ఒకటి. ఇక హాకీ సంగతి. 2012లో లక్నోకు చెందిన ఒక స్కూలు అమ్మాయి సమాచార హక్కు కింద అడిగితే, ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని క్రీడా శాఖే జవాబిచ్చింది.

దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఇదే బిట్ దగ్గర ఒక పరీక్షలో దెబ్బతిన్నది. 'ఏ భాషనూ ప్రకటించలేదు' అనే ఆప్షన్ కళ్లముందే ఉంది. ఆమె చదివిన గైడులో మాత్రం హిందీ అని ఉంది, అదే పెట్టింది. ఒక్క మార్కుతో కటాఫ్ దగ్గర ఆగిపోయింది. రెండేళ్లు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివిన పిల్ల ఆమె. ఆరోజు నుంచి ఏ గైడునూ మూలం చూడకుండా క్లాసులోకి తీసుకురాలేదు.

"ప్రపంచంలోనే అతిపెద్ద డ్యామ్ నాగార్జునసాగర్, ప్రపంచంలోనే అతిపెద్ద మానవ నిర్మిత సరస్సు కూడా అదే"

ఈ బిట్ సరిచేసేటప్పుడు మా పిల్లల ముఖాలు చిన్నబోతాయి. నాకూ మొదట్లో అలాగే ఉండేది. మా తాత ఆ కట్టకు రాళ్లు మోసినవాడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ మధ్య పన్నెండేళ్లూ వేలమంది కూలీలు రాయి మీద రాయి పేర్చి ఎత్తిన కట్ట అది.

జారిపోయిన మాట అక్కడే ఉంది: 'రాతి'. సాగర్ రాతితో కట్టిన డ్యామ్. ఎత్తు సుమారు 124 మీటర్లు. రాతి కట్టడాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దవాటి వరసలో దాని పేరు తప్పకుండా చెప్పాలి. 'రాతి' అన్న మాట తీసేస్తే మాత్రం లెక్క మారిపోతుంది. మన దేశంలోనే భాక్రా 226 మీటర్లు, టెహ్రీ 260 మీటర్లు. భాక్రా కాంక్రీటుది, టెహ్రీ మట్టీ రాయీ పోసి ఎత్తినది. మూడూ వేరు వేరు జాతులు.

సరస్సు సంగతి పిల్లలతోనే లెక్క చేయిస్తాను. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. సాగర్ కట్టినప్పటి సామర్థ్యం 408 టీఎంసీలు, పూడిక చేరి ఇప్పుడు 312కు తగ్గింది. ఆఫ్రికాలో జాంబెజీ నది మీదున్న కరీబా జలాశయంలో 180 ఘన కిలోమీటర్ల నీళ్లు పడతాయి. టీఎంసీల్లోకి మారిస్తే ఆరు వేలకు పైనే. బోర్డు మీద 312 పక్కన ఆ అంకె వేయగానే క్లాసు నిశ్శబ్దమవుతుంది. విస్తీర్ణంలో చూస్తే ఘనాలోని వోల్టా సరస్సు 8,500 చదరపు కిలోమీటర్లు, మన సాగర్ 285. దేశంలో చూసినా నర్మద మీది ఇందిరా సాగర్ నిల్వలో ముందుంటుంది. రాతి కట్టలకు చెప్పిన మాటను అన్ని కట్టలకూ సాగదీస్తే ఆ కట్ట కట్టినవాళ్లకు గౌరవం పెరగదు. 'రాతి' అన్న మాటను నిలబెడితేనే వాళ్ల చేతుల పని కనిపిస్తుంది.

కొన్ని గబగబా

ఆక్టోపస్‌కు మూడు గుండెలు: నిజం. రెండు మొప్పలకు, ఒకటి మిగతా ఒంటికి రక్తం పంపుతాయి.

చంద్రుడి మీద నుంచి చైనా గోడ కనిపిస్తుంది: అబద్ధం. 2003లో అంతరిక్షానికి వెళ్లిన చైనా వ్యోమగామి యాంగ్ లీవీ భూమికి దగ్గరి కక్ష్యలోంచే తనకు కనబడలేదని చెప్పాడు. గోడ పొడవు వేల కిలోమీటర్లయినా వెడల్పు కొన్ని మీటర్లే. చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అక్కడి నుంచి గోడను చూడటమంటే, గడియారం చౌరస్తాలో నిలబడి నాలుగు కిలోమీటర్ల అవతల ఎవరో చేతిలో పట్టుకున్న వెంట్రుకను చూడటం లాంటిది.

శుక్ర గ్రహం మీద రోజు ఏడాది కంటే పెద్దది: ఇది నాకు బాగా ఇష్టమైన బిట్. 'రోజు' అంటే ఏమిటో అడగకుండా జవాబు చెప్పలేం. శుక్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి మన లెక్కలో 243 రోజులు, సూర్యుడి చుట్టూ తిరగడానికి 225 రోజులు పడుతుంది. ఆ లెక్కన బిట్ నిజం. అయితే శుక్రుడు మనకు ఎదురు దిక్కుకు తిరుగుతాడు, అక్కడ పొద్దు పడమట పొడుస్తుంది. అందువల్ల ఒక పొద్దుపొడుపు నుంచి మళ్లీ పొద్దుపొడుపు దాకా పట్టేది 117 రోజులే. రోజంటే అదే అనుకుంటే ఏడాదే పెద్దది. పరీక్షలో 'భ్రమణ కాలం' అన్న మాట ఉందో లేదో చూసి గడి నింపండి.

"పానగల్లు గుడిలో నీడ సైన్స్‌కు అందని రహస్యం"

నల్లగొండ పక్కనే ఉన్న ఛాయా సోమేశ్వరాలయం. కుందూరు చోడుల కాలం నాటిది. గర్భగుడిలో శివలింగం దగ్గర పగలంతా స్తంభం ఆకారంలో ఒక నీడ పడి ఉంటుంది. పొద్దు తూర్పు నుంచి పడమటికి మళ్లినా ఆ నీడ జరగదు. ఇది నిజమే. ఎవరైనా వెళ్లి చూడవచ్చు. 'అందని రహస్యం' అన్న భాగమే పొరపాటు.

నీడ అనగానే మనం ఎండలో పడే నీడ గురించే ఆలోచిస్తాం. పొద్దు జరిగితే అది జరుగుతుంది. గర్భగుడిలోకి నేరుగా ఎండ రాదు. బయట చెదిరిన ఆకాశపు వెలుతురు స్తంభాల సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఆ వెలుతురు వచ్చే దారి రాతితో కట్టినది, అది రోజంతా కదలదు. కాబట్టి నీడ కూడా కదలదు.

ఇది నోటితో చెబితే ఎవరూ నమ్మరు. మా క్లాసుగదికి ఉత్తరం వైపు ఒకే కిటికీ ఉంది, చలికాలంలో దాంట్లోంచి ఎండ అసలు పడదు. లైట్లు ఆర్పి, కిటికీకి ఎదురుగోడ దగ్గర, జానెడు దూరంలో ఒక పరీక్ష అట్టను స్టూలు మీద నిలబెడతాం. గోడ మీద అంచులు మెత్తగా ఉన్న పలుచని నీడ పడుతుంది. పొద్దున పదింటికి ఆ అంచు వెంట పెన్సిల్ గీత గీస్తాం. ఒంటిగంటకు చూస్తాం, నాలుగింటికి మళ్లీ చూస్తాం. వెలుతురు పెరిగి తగ్గుతుంది, నీడ మాత్రం గీతను వదలదు. గోడ మీద ఇంకా ఆ పెన్సిల్ గీతలు ఉన్నాయి, సున్నం వేయనివ్వలేదు. కిటికీలు రెండుంటే నీడలు రెండు పడి, అవి కలిసిన చోట చిక్కబడుతుంది. స్తంభాల మధ్య సందులతో శిల్పులు చేసిన పని ఇలాంటిదే. వందల ఏళ్ల కింద ఏ గాజూ దీపమూ లేకుండా, వెలుతురు ఎటు నుంచి ఎంత రావాలో లెక్కవేసి రాయి నిలబెట్టారు. రహస్యం అనేసి వదిలేస్తే వాళ్ల లెక్క మనకు కనబడదు.

"దేశంలోకెల్లా పెద్ద మర్రి పాలమూరు పిల్లలమర్రి"

ముందు ఏ పిల్లలమర్రో తేల్చుకోవాలి. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ దగ్గరున్నది చెట్టు. సూర్యాపేట దగ్గరున్నది ఊరు, కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లున్న ఊరు. ఈ రెండింటినీ కలిపి రాసిన మోడల్ పేపర్లు నేను చూశాను.

చెట్టు పెద్దదే, దాదాపు మూడెకరాల్లో పరుచుకుంది. దేశంలో మొదటి స్థానం మాత్రం కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుది. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. పిల్లలమర్రి వయసు 700 ఏళ్లు అంటారు. అది తరతరాలుగా చెప్పుకుంటున్న లెక్క. మామూలు చెట్టుకైతే మాను కోసి వలయాలు చూస్తారు. మర్రికి ఊడలు దిగి అవే మానులవుతాయి, మొదటి మాను ఏదో గుర్తుపట్టడమే కష్టం. అందుకే పిల్లలకు '700 ఏళ్లని ప్రతీతి' అని రాయమంటాను.

దీని గురించే ఇంకో ఫొటో తిరుగుతుంది: కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడుతున్న ఫొటో. చాలామంది అది ఫేక్ అంటారు. అది నిజం. చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే, 2018లో చెద మందును నీళ్లలో కలిపి ఆస్పత్రిలో ఎక్కించినట్టే చుక్కచుక్కగా చెట్టులోకి ఎక్కించారు.

నమ్మశక్యంగా లేకపోయినా నిజమైనవి మన దగ్గర ఇంకా ఉన్నాయి. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వరాలయం శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవాల్సింది. రాయి రాయి విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు మనం మొక్కుతున్న గుడి అదే. అలాగే సీతాఫలం. పేరులో సీతమ్మ ఉంది కాబట్టి రామాయణ కాలం నుంచీ ఉందనుకుంటాం. ఆ చెట్టు సొంత ఊరు అమెరికా ఖండం. మిరపకాయ, పల్లి కూడా అటు నుంచి వచ్చినవే. ఐతే దేశమంతా తోటల్లో పెంచే పేరున్న సీతాఫలం రకం 'బాలానగర్', మన పాలమూరు జిల్లా బాలానగర్ పేరు మీదనే ఉంది. ఎక్కడినుంచో వచ్చిన చెట్టు మన నేల పేరు పెట్టుకుంది.

తేనె

'తేనె ఎప్పటికీ చెడిపోదు' అనే బిట్‌లో జారిపోయిన మాట 'మూత పెడితే'. మంచి తేనెలో నీటి శాతం సాధారణంగా ఇరవై లోపే, పులుపు గుణం కూడా ఉంటుంది, అందుకే సూక్ష్మజీవులు పెరగలేవు. తడి చెంచా పెడితే, మూత తీసి ఉంచితే గాలిలోని తేమ పీల్చుకుని పులుస్తుంది. గడ్డ కట్టిందంటే చక్కెర కలిపారన్నది ఇంకో అపోహ. మన్ననూరు, అమ్రాబాద్ అడవుల్లో చెంచులు దించిన అసలైన తేనె కూడా గడ్డ కట్టవచ్చు. అందులోని గ్లూకోజ్ గుణమే అది. ఈ అపోహతో చెంచుల తేనెను నకిలీ అని వెనక్కిచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటు మన ఇళ్లల్లో ఉంది. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదు. అందులో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్లను అవి సాధారణంగా ఏమీ చేయవు, పసిబిడ్డ పేగులు మాత్రం వాటిని ఆపలేవు.

"నీళ్లు కాగబెడితే ఫ్లోరైడ్ పోతుంది"

నల్లగొండలో ఉండి ఈ బిట్‌ను మామూలు బిట్‌లా చెప్పలేను. ఫ్లోరైడ్ జబ్బును దేశంలో మొదట గుర్తించింది నల్లగొండలో అని రాస్తుంటారు. 1937లో మొదట వివరించింది అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ పేరు మీద ఉన్నది 'నల్లగొండ టెక్నిక్', నాగపూర్‌లోని 'నీరి' అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో తయారుచేసిన పద్ధతి. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం కలిపి కలియబెడితే తెట్టు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది, పైనీటిని వడగడతారు.

కాగబెట్టడం దానికి మందు కాదు. క్రిములు చస్తాయి, అంతవరకే. ఫ్లోరైడ్ ఆవిరవదు, నీళ్లే ఆవిరవుతాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు హద్దు అనుకోండి. లీటరులో 3 మిల్లీగ్రాములున్న రెండు లీటర్ల నీళ్లను మరగబెట్టి ఒకటిన్నర లీటర్లకు తెస్తే, అదే ఫ్లోరైడ్ ఇప్పుడు లీటరుకు 4 మిల్లీగ్రాములవుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని ఆపదు, ఆర్‌ఓ ఆపుతుంది.

మొన్న ఈ లెక్క బోర్డు మీద వేస్తుంటే వెనక బెంచీలోంచి మర్రిగూడ వైపు అమ్మాయి ఒకామె లేచింది. "సార్, నల్లా నీళ్లు రాని రోజు మా అమ్మ బోరు నీళ్లు బాగా మరగబెట్టి మా తమ్మునికి తాపుతది" అన్నది. తమ్ముడికి ఎన్నేళ్లని అడిగాను. ఆరేళ్లన్నది. క్లాసు ఆపి, "బిడ్డా, ముందు ఇంటికి ఫోన్ చెయ్" అన్నాను. వరండాలో నిలబడి వాళ్లమ్మకు ఆ మూడు, నాలుగు లెక్క చెబుతున్న మాటలు లోపలికి వినబడుతూనే ఉన్నాయి.